ఇందులో అబ్బాయి నంబరు ఏది?

తెనాలిలో ఓ రిటైర్డు లెక్కల మాస్టారు. ఆ రాత్రి ఫోన్ తీసి అబ్బాయి పేరు నొక్కితే మూడు నంబర్లు కనిపించాయి. మూడింటి కిందా ఒకటే మాట... మొబైల్, మొబైల్, మొబైల్!

మామూలు రోజైతే ఆయనా నవ్వుకునేవారే. కానీ టైము పదకొండు దాటింది. పక్కన ఆయన భార్య గుండెల మీద రాయి పెట్టినట్టుందంటూ చెమటలు కక్కుతోంది. 108కి చెప్పేశారు, వాళ్లు బయల్దేరారు. ఈలోగా హైదరాబాద్‌లో ఉన్న కొడుకుతో మాట్లాడాలి. ఏడాది కిందట ఆవిణ్ని గుంటూరులో డాక్టరుకు చూపించింది అతనే. ఏ మందు పడదన్నారో, పాత ఈసీజీ ఏ బీరువాలో పెట్టాడో అతనికే తెలుసు.

మొదటి నంబరు కొట్టారు. మోగుతూనే ఉంది... ఎవరూ ఎత్తలేదు. రెండోది ఎత్తారు. నిద్రమత్తులో ఎవరో ఆడగొంతు, హిందీలో. 'అబ్బాయి ఉన్నాడా అమ్మా' అని మాస్టారు తెలుగులో, 'కౌన్ చాహియే' అని ఆవిడ. చివరికి 'రాంగ్ నంబర్' అని పెట్టేసింది. తప్పు నొక్కానేమోనని మళ్లీ అదే నంబరు చేశారు. ఈసారి తిట్లు పడ్డాయి. కంగారులో మళ్లీ మొదటి నంబరు... మూడోదాని దగ్గరికి వచ్చేసరికి అంబులెన్సు వీధి మొగలోకి వచ్చేసింది.

'ఆ పుస్తకం తియ్యండీ... అందులో ఇల్లూ ఆఫీసూ అని వేరేగా రాశాగా' అందట, ఆ బాధలోనూ ఆవిడ.

ఆవిడకు స్టెంటు వేశారు. ఇప్పుడు కులాసాగానే ఉన్నారు. పొద్దున్నే అరగంట నడుస్తున్నారు కూడా. మాస్టారి బుర్రలో మాత్రం ఓ లెక్క తేలక మిగిలిపోయింది. ఆరు నెలల కిందటి వరకూ అవే మూడు నంబర్ల కింద 'మొబైల్', 'ఆఫీసు', 'పాతది' అని ఉండేవి. అబ్బాయే దగ్గరుండి పెట్టాడు. మరి ఎవరు మార్చారు?

సెల్ షాపులో ఐదు నిమిషాలు

ఎవరూ మార్చలేదు. పాత ఫోన్ తెర పగిలితే కొత్తది కొన్నారంతే. బజారులోని సెల్ షాపు కుర్రాడు ఐదు నిమిషాల్లో నంబర్లన్నీ 'ఎక్కించి' ఇచ్చాడు. పాత ఫోన్లోంచి సిమ్‌లోకి, సిమ్‌లోంచి కొత్త ఫోన్లోకి. ఒక్క నంబరు కూడా పోలేదు. కుర్రాడి తప్పు పట్టడానికి లేదు.

పోయింది నంబర్లు కాదు, వాటి కింద ఉన్న మాటలు. సిమ్ కార్డులో జాగా బహు తక్కువ. పేరుకో గడి, నంబరుకో గడి... మామూలుగా అంతే. అది ఇల్లా, ఆఫీసా అని రాసుకునే చోటు ఉండదు. అందుకని ఒక పేరు కింద ఉన్న మూడు నంబర్లు సిమ్‌లోకి దిగేటప్పుడు మూడు ముక్కలయ్యాయి. ముగ్గురు అబ్బాయిలు! కొత్త ఫోన్లోకి ఎక్కేటప్పుడు, ఏ రకమో తెలియని నంబరుకు ఫోనే తనకు తోచిన ముద్ర వేసింది... మొబైల్ అని. కొన్నాళ్లకు ఆ ఫోనే 'ఒకే పేరుతో మూడున్నాయి, కలిపేయమంటారా' అని అడిగింది. లెక్కల మాస్టారికి ఒకే పదం మూడుసార్లు కనిపిస్తే ఊరుకుంటారా? కలిపెయ్ అన్నారు.

ఇక ఆ హిందీ ఆవిడ సంగతి. అబ్బాయి రెండేళ్ల కిందట వదిలేసిన నంబరది. మనదేశంలో మూసేసిన మొబైల్ నంబరును కనీసం 90 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. ఆ నంబరు అలాగే ఆవిడకు చేరింది. ఆవిడ తప్పూ లేదు. 'పాతది' అన్న ఒక్క మాట ఉంటే మాస్టారు దాని జోలికే వెళ్లేవారు కాదు.

పీపీ నంబర్ల కాలంలో...

నంబరు పక్కన అది ఎక్కడిదో రాసుకోవడం మనకు కొత్తేం కాదు. ఇంటింటా ఫోన్ లేని రోజుల్లో పెళ్లి శుభలేఖ మీద 'పి.పి.' అని రాసి ఓ నంబరు వేసేవారు. పక్కింటివాళ్లదో, ఎదురింటి కిరాణా కొట్టుదో. పీపీ అంటే ఇంగ్లిషులో 'పర్టిక్యులర్ పర్సన్' అని... ట్రంకు కాల్ బుక్ చేసేటప్పుడు, ఫలానా మనిషే మాట్లాడాలి అని చెప్పే పద్ధతికి పేరది. మనవాళ్లు దాన్ని పక్కింటి ఫోన్‌కి పేరుగా వాడేసుకున్నారు. ఆ రెండక్షరాలు చూడగానే అవతలివాళ్లకు అన్నీ అర్థమైపోయేవి. అర్ధరాత్రి చేయకూడదు, ఎత్తినవాళ్లను ముందు పలకరించాలి, పిలవడానికి రెండు నిమిషాలు పడుతుంది, కబుర్లు క్లుప్తంగా ముగించాలి.

తర్వాత విజిటింగ్ కార్డుల మీద 'ఆఫీ', 'ఇల్లు', 'సెల్' వచ్చాయి. మనదేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జులై 31న జరిగింది. చాలా ఏళ్లు ఫోన్ వచ్చినవాళ్లకీ బిల్లు పడేది. 2003 మేలో చేసినవాళ్లే డబ్బు కట్టే పద్ధతి వచ్చాక గానీ ఇన్‌కమింగ్ ఉచితం కాలేదు. అప్పట్లో 'ఇది సెల్లా, ల్యాండ్‌లైనా' అన్నది రూపాయల ప్రశ్న. 'ఇంటికి చేస్తాలెండి, సెల్‌కి వద్దు' అనడం మర్యాద కూడా!

ఇప్పుడు రూపాయల బెంగ లేదు. అయినా ఆ మాటలకు పని తగ్గలేదు. ఇంట్లో ల్యాండ్‌లైన్‌కు ఎస్సెమ్మెస్ పంపితే ఎవరూ చదవరు. ఆఫీసు బల్ల మీది ఫోన్ రాత్రి ఎవరూ ఎత్తరు. డ్రైవింగ్‌లో ఉండి కారుతో 'నాన్న, హోమ్' అని చెబితే కారు వెతికేది ఆ ముద్రనే. ఫోన్ నుంచి బ్లూటూత్ మీదుగా అది పేరుతోపాటు కారులోకి వెళుతుంది.

సెల్ అంటే మొబైలేనా?

మరి ఈ మాటలు ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు, ఫోన్ నుంచి కంప్యూటర్‌కు ఎలా వెళతాయి? దీనికో ఉమ్మడి భాష ఉంది. పేరు వీకార్డ్. 1995లో యాపిల్, ఏటీ అండ్ టీ, ఐబీఎం, సీమెన్స్ కంపెనీలు కలిసి పెట్టుకున్న 'వర్సిట్' అనే బృందం దీన్ని తెచ్చింది. విజిటింగ్ కార్డుకు కంప్యూటర్ రూపం అనుకోవచ్చు. పాత నోకియాల్లో 'బిజినెస్ కార్డ్ పంపు' అన్నా, ఇప్పుడు వాట్సప్‌లో ఎవరి నంబరో పంపినా వెనక నడిచేది ఇదే.

అందులో ప్రతి నంబరు ముందూ అది ఏ రకమో చెప్పే మాట ఉంటుంది. హోమ్, వర్క్, ఫ్యాక్స్, పేజర్... మొబైల్‌కి అక్కడ రాసేది 'సెల్' అనే. మనవాళ్లు పాతికేళ్లుగా అంటున్న మాటే! ఫోన్ తెర మీద మాత్రం అది 'మొబైల్'గా కనిపిస్తుంది. 1998లో వచ్చిన మూడో రూపంలో కారు ఫోన్‌కీ, మోడెమ్‌కీ కూడా విడిగా మాటలున్నాయి. 2011లో వచ్చిన నాలుగో రూపం అలాంటివి చాలా తీసేసింది. కాలం మారితే మాటలు మారడం మామూలే. చిక్కేమిటంటే... పాత రూపం మాట్లాడేవీ, కొత్త రూపం మాట్లాడేవీ ఇప్పటికీ పక్కపక్కనే బతుకుతున్నాయి. రాసే తీరులోనూ తేడా ఉంది. ఒకటి ఒట్టి 'సెల్' అని రాస్తే, ఇంకోటి 'టైప్ ఈక్వల్టు సెల్' అని రాస్తుంది. రెండో రకానికి మాత్రమే అలవాటుపడ్డ ప్రోగ్రాము మొదటిదాన్ని చూసి తెల్లమొహం వేయొచ్చు.

ఇంకో తిరకాసు. ఏ మాటా లేకుండా వచ్చిన నంబరును ఏమనుకోవాలి? మూడో రూపం ప్రకారం అది 'వాయిస్', అంటే మాట్లాడుకునే ఫోన్ అన్నమాట. ఇల్లో ఆఫీసో ఎవరికి తెలుసు? అందుకే ఒక ప్రోగ్రాము దాన్ని 'అదర్'లో పడేస్తుంది, ఇంకోటి 'హోమ్' అంటుంది, మాస్టారి ఫోన్ 'మొబైల్' అంది.

ఎవరి బీరువా వాళ్లది

ఉమ్మడి భాష ఉన్నా ఎవరింట్లో అరలు వాళ్లవే. ఈ గొడవ అంతటికీ అసలు మూలం ఇక్కడుంది కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్ సంగతి తీసుకుంటే, అది సర్కారీ దరఖాస్తు ఫారంలాంటిది. గడులు ముందే గీసి ఉంటాయి. ఇంటి ఫోన్‌కు రెండు, ఆఫీసుకు రెండు, మొబైల్‌కు ఒకటి. అవును... మొబైల్‌కు ఒకే ఒక్కటి! అందరి చేతుల్లోనూ రెండు సిమ్‌ల ఫోన్లున్న మనదేశంలో ఇదెంత చిక్కో చెప్పక్కర్లేదు. బావగారి రెండు మొబైల్ నంబర్లు గూగుల్ నుంచి అవుట్‌లుక్‌కు బయల్దేరితే ఒకటి గడిలో కూర్చుంటుంది. రెండోది నిలబడిపోతుంది. సింక్ చేసే ప్రోగ్రాము మంచిదైతే దాన్ని 'అదర్'లో కూర్చోబెడుతుంది. కాకపోతే గుమ్మంలోనే వదిలేస్తుంది.

ఆండ్రాయిడ్‌ది ఇంకో పద్ధతి. అది లోపల మాటలు రాసుకోదు, అంకెలు రాసుకుంటుంది. ఇల్లయితే 1, మొబైల్ అయితే 2, ఆఫీసు అయితే 3... టెలెక్సుకు కూడా ఓ అంకె ఉంది, ఎవరైనా వాడుతున్నారేమో మరి! ఫోన్ భాష తెలుగులోకి మార్చుకుంటే అదే అంకె తెర మీద తెలుగు మాటగా కనిపిస్తుంది. అంటే 1 ఎక్కడికెళ్లినా 1గానే ఉంటుంది. కానీ 'కస్టమ్' అనే చోట సొంతంగా 'పొలం', 'కొట్టు', 'మేడ మీద' అని రాసుకుంటే దానికి అంకె 0. పక్కన రాసిన మాట రాసినట్టే ఉంటుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడుతున్నారు. జాబితాలోంచి 'హోమ్' ఎంచుకోవడం, కస్టమ్‌లో చేత్తో 'ఇల్లు' అని టైపు చేయడం మనకు ఒకటే. ఫోన్‌కు ఒకటి కాదు. మొదటిది దానికి తెలిసిన రకం. రెండోది ఎవరో ఏదో రాసుకున్న చీటీ.

ఐఫోన్ కూడా సొంత మాటలు రాసుకోనిస్తుంది. పైగా 'ఐఫోన్' అనేదే అందులో ఒక రకం. మనవాళ్లు గొప్పగా ఉందని దాన్నే పెట్టుకుంటారు. సొంత మాటలు దాచుకోవడానికి యాపిల్‌ది ప్రత్యేకమైన ఏర్పాటు. వీకార్డ్‌లో తనకు మాత్రమే తెలిసిన ఓ అదనపు వరుస చేర్చుకుంటుంది. దాన్ని చదవడం వచ్చిన ప్రోగ్రాము 'పొలం' అని చూపిస్తుంది. రానిది ఆ వరుసను దాటేసి నంబరు మాత్రమే తీసుకుంటుంది.

ఇక ఆఫీసు వాళ్లిచ్చిన సెల్‌ఫోన్... అది మొబైలా, ఆఫీసా? వీకార్డ్ రెండూ కలిపి 'వర్క్, సెల్' అని రాయనిస్తుంది. ఆండ్రాయిడ్‌లో 'వర్క్ మొబైల్' అని విడిగా ఓ రకమే ఉంది. ఐఫోన్ ఇచ్చే జాబితాలో అది లేదు. రెండు మాటల్లో ఒక్కదాన్నే పట్టించుకునే ప్రోగ్రాము చేతిలో పడితే అది ఒట్టి ఆఫీసు ఫోనో, ఒట్టి మొబైలో అయిపోతుంది.

వెళ్లినదారినే వెనక్కి

ఇంతవరకూ ఒకవైపు ప్రయాణం. సింక్ అంటే రెండువైపులా రాకపోకలు. అసలు నష్టం వెనక్కి వచ్చేటప్పుడే జరుగుతుంది.

గుంటూరు అమ్మాయి ఒకరు డల్లాస్‌లో ఉద్యోగం చేస్తోందనుకుందాం. ఆమె ఫోన్‌లో అమ్మానాన్నల పేరు కింద 'ఊరు', 'నాన్న సెల్', 'పక్కింటి ఆంటీ' అని మూడు నంబర్లు. ఆఫీసు మెయిల్‌ను ఫోన్‌లో పెట్టుకుంటూ కాంటాక్టులు కూడా అక్కడికి సింక్ చేయమంది. 'ఊరు' అన్న మాటకు అక్కడ గడి లేదు. అది 'అదర్' అయింది. అక్కడితో ఆగితే పర్వాలేదు, ఫోన్లో అసలుది ఉందిగా! కానీ రెండ్రోజుల తర్వాత ఆఫీసు కంప్యూటర్లో అదే కార్డులో నాన్న పుట్టినరోజు చేర్చింది. ఇంకేం... 'ఈ కార్డు మారింది, కొత్తది తీసుకో' అని కంప్యూటర్ చెప్పింది. ఫోన్ బుద్ధిగా మొత్తం కార్డు తీసుకుంది. పుట్టినరోజుతోపాటు 'అదర్', 'అదర్' కూడా వచ్చి పడ్డాయి. ఆమె ముట్టుకున్నది పుట్టినరోజును. చెరిగిపోయింది ఊరు!

మంచి సింక్ ప్రోగ్రాములు ఇలా చేయవు. తాము పంపిన మాట ఏది, అవతల అది ఏ మాటగా మారింది అన్నది గుర్తుంచుకుంటాయి. తిరిగొచ్చిన 'అదర్' తాము పంపిన 'ఊరు'నే అని పోల్చుకుంటాయి. నంబరు మారిందా, రకం మారిందా, మరేదైనా మారిందా అని విడివిడిగా చూసుకుని, మారినదాన్నే మారుస్తాయి. చెప్పడానికి తేలికే. కానీ ఒకే కార్డులో రెండు 'అదర్'లుండి వాటి వరుస తారుమారైతే వాటికీ తలనొప్పే.

ఫైలుగా తీసి వేరేచోట ఎక్కించేటప్పుడు ఇంకో మతలబు. గూగుల్ నుంచి పట్టిక రూపంలో, అంటే సీఎస్వీగా తీస్తే, ఒకే రకం నంబర్లు రెండున్నప్పుడు రెంటినీ ఒకే గడిలో మధ్యలో మూడు కోలన్లు పెట్టి రాస్తుంది. గూగుల్‌కు ఆ గుర్తు తెలుసు. తెలియని ప్రోగ్రాము ఆ రెండు నంబర్లనూ కలిపి ఇరవై అంకెల ఒకే నంబరనుకుంటే అది ఎవరికి మోగాలి?

ముందు ఒక పెద్ద పుస్తకం

ఒక ఇంట్లో నంబర్లు ఎన్నిచోట్ల ఉంటాయో లెక్కపెడితే ఆశ్చర్యం వేస్తుంది. ఫోన్‌లో, సిమ్‌లో, గూగుల్ ఖాతాలో, ఫోన్ కంపెనీ ఖాతాలో, ఆఫీసు ఖాతాలో. తెర మీద అన్నీ కలిపి ఒకే జాబితాగా కనిపిస్తాయి కాబట్టి ఏది ఎక్కడుందో తెలియదు. కొత్త నంబరు దాచేటప్పుడు 'ఎక్కడ దాచాలి' అని ఫోన్ అడుగుతుంది. ఆ ప్రశ్నకు కనిపించిందల్లా నొక్కేవాళ్లే ఎక్కువ.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది... పెద్ద పుస్తకం ఏది అని. గూగుల్ అనుకుంటే గూగుల్, ఐక్లౌడ్ అనుకుంటే ఐక్లౌడ్. మార్పులన్నీ అందులోనే చేయాలి. మిగతావి దాన్ని చూసి రాసుకునేవే. ఐఫోన్ ఉన్నవాళ్లు కాంటాక్టుల సెట్టింగుల్లో 'డిఫాల్ట్ ఎకౌంట్' ఏదో చూసుకుంటే కొత్త నంబర్లు దారి తప్పవు. ఆఫీసు ఖాతాకు ఇంటి నంబర్లు సింక్ చేయకపోతే ఇంకా మంచిది. ఉద్యోగం మారిన రోజున ఆ ఖాతాతోపాటు అత్తగారి నంబరు కూడా పోయిన ఇళ్లున్నాయి.

ఏం చేసేముందైనా ఓ కాపీ తీసి పెట్టుకోవాలి. గూగుల్ కాంటాక్ట్స్‌ను కంప్యూటర్లో తెరిస్తే 'ఎక్స్‌పోర్ట్' ఉంటుంది. నంబర్ల రకాలు నిలవాలంటే వీకార్డ్ రూపంలో తీసుకోవడం ఉత్తమం. సిమ్ మీదుగా మాత్రం వద్దు. అప్పటికే చేయి జారితే గూగుల్‌లో 'అన్‌డూ ఛేంజెస్' ఉంది. 30 రోజుల వెనక వరకూ పుస్తకం ఎలా ఉండేదో అలా తెచ్చిపెడుతుంది. అయితే ఆ మధ్యలో చేర్చుకున్న కొత్త నంబర్లు పోతాయని గుర్తుంచుకోవాలి. ఐక్లౌడ్ వెబ్‌సైట్లోనూ పాత కాంటాక్టులను తిరిగి తెచ్చుకునే వీలుంది.

అన్నిటికన్నా పనికొచ్చే చిట్కా ఒకటుంది. వంటలో ఉప్పు చూసినట్టు, మొత్తం పుస్తకం సింక్ చేయకముందే ఒక్క పేరుతో పరీక్షించి చూడటం. 'పరీక్ష' అనే పేరుతో ఓ కార్డు తయారుచేసి, ఇంట్లోవాళ్ల నంబర్లే నాలుగైదు వేసి, ఒక్కోదానికి ఒక్కో రకం పెట్టాలి. రెండు మొబైళ్లు, ఒక ఇల్లు, ఒక ఆఫీసు, ఒక సొంత మాట. దాన్ని అవతలికి పంపి ఏవి ఎలా మారాయో చూడాలి. అక్కడ పేరులో ఒక అక్షరం మార్చి, మళ్లీ ఇవతల చూడాలి. వెళ్లిరావడంలో ఏం చెడుతుందో పది నిమిషాల్లో తేలిపోతుంది. చూశాక ఆ కార్డు తీసేయడం మర్చిపోకూడదు. లేదంటే శ్రీమతి ఫోన్ చేసినప్పుడల్లా 'పరీక్ష' అని కనిపించే ప్రమాదం ఉంది!

చెడేవేంటో తెలిశాక ఏం చేయాలో తేలికే. ఎక్కడైనా బతికే మాటలు మూడు... మొబైల్, హోమ్, వర్క్. చేతనైనంతవరకు వాటితోనే సరిపెట్టుకోవడం మేలు. రెండో మొబైల్ తప్పనిసరి అయితే ఎక్కువగా ఎత్తే నంబరును పైన పెట్టాలి. 'పొలం', 'పక్కింటి ఆంటీ' లాంటివి పోకూడదనుకుంటే వాటిని రకంగా కాకుండా పేరులోనే రాయాలి. 'అమ్మ పక్కింటి ఆంటీ' అని విడిగా ఓ కార్డు. పాత నోకియా రోజుల్లో అందరూ 'రవి ఆఫీస్', 'రవి ఇల్లు' అని రాసుకున్నారు కదా... అప్పట్లో గతిలేక చేసినా ఆ పద్ధతిలో బలం ఉంది. పేరును ఏ సింకూ చెరపదు. ఒకే మనిషికి నాలుగు కార్డులవుతాయన్న మాట నిజమే. 'కలిపేయమంటారా' అని ఫోన్ అడిగినప్పుడల్లా వద్దనాలి.

నంబరు రాసే తీరు కూడా ముఖ్యమే. ముందు +91 పెట్టి రాసుకుంటే విదేశాల్లోని పిల్లల ఫోన్లకు వెళ్లినా అది పనిచేస్తుంది. ల్యాండ్‌లైన్‌కు ఎస్టీడీ కోడ్‌లోని మొదటి సున్నా తీసేయాలి. హైదరాబాద్ 040 అయితే +91 40, విజయవాడ 0866 అయితే +91 866. ఒకచోట సున్నాతో, ఇంకోచోట +91తో ఉంటే కొన్ని ప్రోగ్రాములు అవి రెండు వేర్వేరు నంబర్లనుకుని రెంటినీ దాస్తాయి. ఒకదాని కింద 'హోమ్', ఇంకోదాని కింద 'అదర్'... మళ్లీ మొదటికే!

పాత నంబర్లను 'పాతది' అని దాచుకోవడం మాత్రం వద్దే వద్దు. అవసరమైతే కింద నోట్‌లో రాసుకోవచ్చు. నోట్‌లో ఉన్నది పొరపాటున మోగదు. పోయిన పెద్దవాళ్ల నంబర్లను తీసేయడానికి మనసొప్పదు, అది వేరే సంగతి. వాటినీ అలా నోట్‌లోకి మార్చుకుంటే, ఏ రాత్రో చేయి తగిలి, ఆ పేరు మీద ఎవరో కొత్త గొంతు 'హలో' అనే బాధ తప్పుతుంది.

తాళం తీయకుండానే...

అత్యవసరానికి పిలవాల్సిన మనిషి నంబరు ఫోన్‌లో విడిగా ఉండాలన్న ఆలోచన 2005లో ఇంగ్లండులో పుట్టింది. బాబ్ బ్రాచీ అనే అంబులెన్సు ఉద్యోగి, ప్రమాదంలో పడ్డవాళ్ల ఫోన్లలో ఎవరికి కబురు చేయాలో తెలియక, 'ఐస్' అనే పేరుతో ఓ నంబరు దాచుకోమని ప్రచారం చేశాడు. 'ఇన్ కేస్ ఆఫ్ ఎమర్జెన్సీ' అన్నమాటకు పొడి అక్షరాలవి. ఇప్పుడు ఐఫోన్లలో మెడికల్ ఐడీ, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎమర్జెన్సీ సమాచారం అదే పని చేస్తున్నాయి. తాళం తీయకుండానే ఎవరైనా చూడొచ్చు. ఐఫోన్లో పేరు ఎంచుకున్నాక ఆ మనిషి నంబర్లలో ఏది అని అడుగుతుంది. మూడింటికీ ఒకే ముద్ర ఉంటే అక్కడా చీకట్లో చేయి పెట్టినట్టే. ఒకప్పుడు సరిగా పెట్టినా, కొత్త ఫోన్‌కు మారాక మరోసారి తెరిచి చూసుకోవడం అవసరం.

తెనాలి మాస్టారింటికి మొన్న సంక్రాంతికి అబ్బాయి వచ్చాడు. తల్లి రాసిన ఎర్ర అట్ట పుస్తకం ఒళ్లో పెట్టుకుని, నంబర్లన్నీ ఒక్కొక్కటే చూసి ఫోన్లో సరిచేశాడు. తనవాటిలో పాత నంబరు తీసేశాడు. ఆఫీసు నంబరును 'అబ్బాయి ఆఫీసు' అని వేరే కార్డు చేశాడు. 'అబ్బాయి' అన్న పేరు కింద ఒకటే మిగిలింది.

'సరిగ్గా ఉందో లేదో చూద్దాం, ఉండు' అని మాస్టారు పక్క గదిలోకి వెళ్లి నొక్కారు. హాల్లో కొడుకు జేబులో మోగింది. ఆయన అంతటితో ఊరుకోలేదు. కోడలిది, హైదరాబాద్ ఇంటిది, గుంటూరు డాక్టరుది, వీధి చివర ఆటో అతనిది... వరుసగా అన్నీ చేసి చూశారు. ఆటో అతను నిజంగానే వచ్చేశాడు.

'ఎటూ వచ్చాడుగా, కూరగాయలకు వెళ్లొస్తా' అని ఆవిడ సంచి తీసుకుంది.